బీరువా నిండితే మగ్గం ఆడదు

"నేతగాళ్ల ఊళ్లో ఉంటా, బట్టలు తగ్గించుకోండని ఎట్ల చెప్తావన్నా?" సోమందేపల్లెలో ఈ ప్రశ్న నేను తరచూ వింటాను. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల వాదం సూటిగా ఉంటుంది. మనం కొంటేనే నేతన్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పండక్కి పది చీరలు కొనే ఇల్లాలు తనకు తెలియకుండానే ఏదో ఒక మగ్గాన్ని నిలబెడుతోంది. ఉన్నవాటితో తృప్తిపడమని చెప్పడం వినడానికి బాగుంటుంది గానీ, అది నేసేవాడి కడుపు మీద కొట్టడమే. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వేదికల మీద కూడా ఇదే పాట. 2015లో ఆ దినోత్సవం మొదలైన నాటి నుంచి పిలుపు మారలేదు: కొనండి, ఇంకా కొనండి. బట్టల షాపులు ఈ పిలుపును అందిపుచ్చుకున్నాయి. చివరికి కొనడమే దేశసేవ అయింది, 'నాకు చాలు' అన్న మనిషి నేతన్నకు ద్రోహి అయ్యాడు.

ఈ వాదాన్ని నేను ఒప్పుకోను. దీనిలో ఒక ముక్క నిజం, ఒక ముక్క అబద్ధం అని సర్దిచెప్పను. బీరువాలు నిండడానికీ మగ్గాలు ఆడడానికీ సంబంధం ఉందనే ఊహ మీద ఇదంతా నిలబడి ఉంది. ఆ సంబంధం తెగిపోయి చాలా ఏళ్లయింది. ఇవాళ మా వైపు మగ్గాన్ని దెబ్బకొడుతున్నది నిండిన బీరువానే.

బీరువాలో ఏముందో చూద్దాం. మా ప్రాంతంలో కాస్త కలిగిన ఏ ఇల్లైనా తీసుకోండి. పై అరలో పట్టు: పెళ్లినాటి చీర, సీమంతానికి పుట్టింటివాళ్లు పెట్టింది, తమ్ముడి పెళ్లికి కొన్నది. అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మధ్య అరల్లో మెరిసే చీరలు కుక్కి కుక్కి ఉంటాయి, ఒకటి లాగితే నాలుగు కింద పడతాయి. వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి బుక్ చేసినవి, ఆషాఢం తగ్గింపులో ఒకటికి ఒకటి వచ్చినవి, ఎవరో కట్టుకుంటే ముచ్చటపడి అదే రంగు తెప్పించుకున్నవి. కొన్నింటికి ఇంకా ఫాల్ కుట్టలేదు. కింది అరలో పెట్టుబడి చీరలు. పెళ్లికో గృహప్రవేశానికో పోయినప్పుడు పళ్లెంలో పెట్టి ఇచ్చినవి. వాటిని ఎవరూ కట్టరు, కట్టాలని ఇచ్చినవాళ్లూ అనుకోరు. ప్లాస్టిక్ కవరు విప్పకుండానే ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఆ ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతాయి. వాటి పక్కనే జాకెట్ గుడ్డల కట్ట. వరలక్ష్మీ వ్రతానికి వచ్చినవి మరుసటి వ్రతానికి బయల్దేరడానికి సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు ఆ మధ్య అరల్లోంచి 'ధర్మవరం పట్టు' అని చెప్పి అమ్మిన చీర ఒకటి తీయండి. లోపలి కొస దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించండి. అసలు పట్టయితే మెల్లగా, ఆగి ఆగి కాలుతుంది, కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే మంట చూడగానే ముడుచుకుని కరిగిపోతుంది, కొసన గట్టి పూస కడుతుంది. ఆ పూస గోటితో నొక్కినా చిట్లదు. మా ఊరి ఆడవాళ్లకు ఈ పరీక్ష తెలుసు. తెలిసీ చేయరు, ఎందుకంటే కొన్నప్పుడే లోపల ఎక్కడో తెలుసు. ఆ ధరకు అసలు పట్టు రాదని అందరికీ తెలుసు.

పది చీరలు కొని పది రోజులు మగ్గాన్ని బతికించామని ఎవరైనా అంటే నేను అడిగేది ఒకటే: ఆ పదిలో మగ్గం మీద పుట్టినవి ఎన్ని? సూరత్ నుంచి లారీల్లో వచ్చే పాలిస్టర్ చీరకు నేతగాడి చేయి తగల్లేదు. మనకు దగ్గరలోనే మరమగ్గాల మీద నేసి, మన ఊళ్ల పేర్లు అంటించి అమ్మే చీరకూ తగల్లేదు. మగ్గం మీద వారం పట్టే డిజైను మరమగ్గం మీద ఒక్క రోజులో దిగిపోతుంది. నేతగాడు కొత్త అంచు వేసి మూడు చీరలు కోసేలోపు దాని నకలు షాపు అద్దాల వెనక బొమ్మకు కట్టి ఉంటుంది. కొనుగోళ్లు పెరిగాయి, నిజమే. పెరిగిన కొనుగోలు అంతా ఆ నకలుకు పోయింది.

ఇదేమీ చాటుగా జరిగిన పని కాదు. చీర, పంచె, తువ్వాలు, లుంగీ, దుప్పటి, కంబళి వంటివి చేనేతకే కేటాయించాలని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలను ఆ జాబితాలో పెట్టారు. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తేల్చింది. తర్వాతి కాలంలో 22 కాస్తా 11 అయింది. ఆ 11 రకాల్లోనైనా చట్టం అమలవుతోందా అంటే, ఏ సంతలోనైనా పది నిమిషాలు నిలబడి చూసుకోవచ్చు. 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. అదీ జులై చివర్లో, చేనేత దినోత్సవానికి పట్టుమని పదిహేను రోజులు లేనప్పుడు. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు ఈ పని మీద ఉన్నాయి, వాటిలో మూడింట రెండు వంతుల ఇళ్లకు నెలకు 5,000 రూపాయల లోపే ఆదాయం. దేశంలో బట్టల షాపులు నాలుగంతస్తులకు ఎదిగిన కాలమూ ఇదే. ధర్మవరంలో నేతన్నల ఆత్మహత్యల వార్తలు మనం పేపర్లలో చదివిన కాలమూ ఇదే. ఎక్కువ కొంటే నేతన్న బాగుపడతాడన్న మాట నిజమే అయితే, తెలుగువాళ్లు ఎన్నడూ లేనన్ని బట్టలు కొన్న ఈ పాతికేళ్లలో అతను బాగుపడి ఉండాల్సింది. 2019 డిసెంబరులో నేతన్న నేస్తం పథకాన్ని ధర్మవరంలోనే మొదలుపెట్టి, మగ్గమున్న ఇంటికి ఏడాదికి 24,000 ఇవ్వాల్సి వచ్చిందంటే, మన కొనుగోళ్లు ఆ ఇంటికి ఏం చేసినట్టు?

దీనికి గట్టి జవాబు ఒకటి ఉంది. దాన్ని నాకు చెప్పింది షాపువాళ్లు కాదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. "నకిలీ సంగతి నిజమేప్పా. కానీ నువ్వు చెప్పినట్ల అందరూ తగ్గించుకుంటే, అసలుదీ తగ్గించుకుంటారు కదా? పట్టుచీర ముప్పై ఏండ్లు ఉంటాది. ఒకసారి కొన్నామె మళ్లా నా దగ్గరికి ఎప్పుడొస్తాది?" అని అతను అడిగాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా చేయి ఆగలేదు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది, పైన జకార్డు అట్టలు ఒక్కొక్కటే తిరుగుతూనే ఉన్నాయి. పక్క గదిలో అతని భార్య కండెలు చుడుతోంది. చీర కూలి ఒకటే, దాని వెనక పని చేసే చేతులు రెండు జతలు.

అతని ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి. నెలకో చీర కొనే ఇల్లు ఒకటి అనుకుందాం. ఒక్కోటి 600 రూపాయలు. ఏడాదికి 7,200, రెండేళ్లకు 14,400. ఆ డబ్బుకు 24 చీరలు బీరువాలోకి వచ్చాయి, మగ్గానికి పైసా ముట్టలేదు. అదే ఇల్లు రెండేళ్లపాటు ఆ 24 చీరలు మానేసి, అదే డబ్బుతో మగ్గం మీద నేసిన అసలు పట్టుచీర ఒక్కటి కొనిందనుకోండి. ఇక మగ్గం వైపు నుంచి చూడండి. వారానికో చీర చొప్పున నేసినా ఒక మగ్గం మీద ఏడాదికి 50 దాటవు. అంటే నూరు ఇళ్లు రెండేళ్లకోసారి ఒక్క చీర కొంటే ఒక మగ్గానికి ఏడాది పొడుగునా పని. మా మండలం చుట్టూ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, అనంతపురం పట్టణాల్లో ఎన్ని వేల ఇళ్లు ఉన్నాయో, గంటన్నర రెండు గంటల దూరంలో ఉన్న బెంగళూరులో ఎన్ని లక్షల ఇళ్లు ఉన్నాయో అతనికీ తెలుసు. చీర ముప్పై ఏళ్లు మన్నడం వల్ల అతని మగ్గానికి నష్టం లేదు. నూరు ఇళ్లలో తొంభై అతని దాకా రాకపోవడమే నష్టం. ఆ తొంభై ఇళ్ల డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఆ మధ్య అరలు చెబుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని బేరాల దగ్గర కూర్చున్న ఎవరైనా చెబుతారు. బట్ట అంటే చవగ్గా రావాలి, తరచుగా రావాలి అని అలవాటుపడ్డ కన్ను మగ్గం చీర ధర చూసి అదిరిపోతుంది. "ఇంత రేటా? ఆ డబ్బుకు పదిహేను వస్తాయే" అంటుంది. అప్పుడు షాపువాడు తగ్గింపు బోర్డు పెడతాడు. ఆ తగ్గింపు తన లాభంలోంచి ఇస్తాడని ఎవరూ అనుకోకండి. అది మాస్టర్ వీవర్ మీదికి, అక్కడి నుంచి కూలి మగ్గం మీదికి దిగుతుంది. రేషం ధర తగ్గదు, జరీ ధర తగ్గదు, కాబట్టి తగ్గగలిగింది కూలి ఒక్కటే. పదిహేను చీరల అలవాటు మనల్ని మగ్గం షాపు దాకా రానివ్వదు. వచ్చినా ఆ అలవాటే బేరంలో నేతగాడి కూలి కోస్తుంది.

'తక్కువ బట్టలు' అన్న మాటకు మా సీమలో ఇంకో అభ్యంతరం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. వేరుశెనగ ఎండి, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలు ఇక్కడ వీధికి పది. ఒక్క చీర ఉతికి ఆరేసుకుని, అది ఆరేదాకా తలుపు వేసుకుని కూర్చున్న అవ్వలను చూసిన తరం ఇంకా బతికే ఉంది. తెల్లపంచె కట్టుకుని ఊరి నడిమధ్య నడిస్తే సహించని రోజులను కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇంట్లో ఇవాళ ఒక కూతురు ఉద్యోగం చేసి, తల్లికి పండగ పండక్కీ చీర కొంటోంది. ఆమె దగ్గరికి పోయి 'తగ్గించుకో తల్లీ, తృప్తి నేర్చుకో' అనే హక్కు ఎవరిచ్చారు?

ఎవరూ ఇవ్వలేదు. ఆమెకు నేను చెప్పనూ చెప్పను. బట్ట విషయంలో ఈ దేశం రెండు పాఠాలు విన్నది. 1921 సెప్టెంబరు 22న మధురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి మారాడు. ఉన్నవాడు తన ఇష్టంతో వదులుకోవడం అది. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలను కూర్చోబెట్టి, మీ మీద రుద్దిన కట్టు మానేయండి, చీర నిండుగా కట్టండి, అతుకులున్నా సరే శుభ్రంగా ఉంచుకోండి అని చెప్పాడు. లేకుండా చేయబడ్డవాళ్లు తమది తాము తీసుకోవడం అది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని కొందరు పోట్లాడతారు. నాకు అలా అనిపించదు. వదులుకోమనే మాట నిండిన బీరువాకు చెప్పాల్సింది, ఖాళీ దండేనికి కాదు. అయితే అంబేడ్కర్ చెప్పినదాంట్లో మనం మరచిపోతున్న సంగతి ఒకటుంది. నిండుగా కట్టమన్నాడు, శుభ్రంగా కట్టమన్నాడు. ఎక్కువ కొనమని ఎక్కడా అనలేదు. గౌరవం లెక్కల్లో ఉందనేది వ్యాపారం మనకు నేర్పిన పాఠం. రెండు మంచి చీరలున్న మనిషిని తలెత్తుకోనివ్వని చుట్టాలు, పెళ్లిలో "పోయిన నెల కట్టిందే కదా ఇది?" అని మెల్లగా గిల్లే నోళ్లు, వీటికి భయపడే కదా మధ్య అరలు నిండేది! ఒకే బట్ట రెండోసారి కట్టుకోవడానికి సిగ్గుపడే స్థితి గౌరవం ఎట్లా అవుతుంది? ఆ భయం ఇప్పుడు పండగచీర కొన్న ఆ కూతురి ఇంటికీ చేరుతోంది, కంతుల మీద చేరుతోంది. అందుకే ఈ మాట కలిగినవాళ్ల ఇళ్లలో ముందు మొదలు కావాలంటున్నాను. చూసి నేర్చుకునేవాళ్లు వాళ్లనే చూస్తారు గనక.

ఫ్యాక్టరీల వాదన కూడా ఒకటి తెస్తారు. హిందూపురం, దొడ్డబళ్లాపుర గార్మెంట్స్‌కు తెల్లవారకముందే వ్యాను ఎక్కే ఆడపిల్లలున్నారు కదా, జనం కొనడం మానితే వాళ్లేం కావాలి అని. వాళ్ల గతి గురించి నిజంగా బాధ ఉన్నవాళ్లు ముందు ఆ చొక్కా అంత చవకగా ఎట్లా వస్తోందో అడగాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు శిథిలాల కింద చనిపోయారు. గోడలు బీటలిచ్చాయని ముందురోజే తెలుసు. అయినా ఆర్డరు ఆగకూడదని లోపలికి పంపారు. సీజను సీజనుకూ కొత్త రకం, వారం వారం కొత్త స్టాకు అనే తొందర కుట్టేవాళ్ల మెడ మీదే కూర్చుంటుంది. తక్కువ కుట్టి, బాగా కుట్టి, బాగా కూలి తీసుకునే రోజు వాళ్లకూ రావాలి. ఇంతకు మించి దీని మీద చెప్పడానికి లేదు.

ఇక నా వైపే నిలబడ్డట్టు కనిపించే వాళ్ల గురించి. నగరాల్లో ఇప్పుడు బీరువా ఖాళీ చేయడం ఒక ముచ్చట. ముప్పై మూడు బట్టలు, నాలుగు రంగులు, మిగతావన్నీ సంచుల్లో కుక్కి గేటు బయట. నెల తిరక్కుండా 'సింపుల్'గా కనిపించే కొత్త బట్టలకు ఆర్డరు. దీన్ని నేను తగ్గించుకోవడం అనను. మన ఇంట్లోని చెత్తను ఇంకొకరి ఇంటికి తోలడం ఇది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన పాతబట్టలు ఎవరూ ముట్టక రోడ్ల వెంట గుట్టలుగా పడి ఉన్నాయి. సముద్రంలో సర్వం పోగొట్టుకున్న జాలరి కూడా ఎవరో వదిలించుకున్న చిరుగు చొక్కాను తాకలేదు, తాకాల్సిన అవసరమూ లేదు. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో బజారుకూ, చిలీలోని అటకామా ఎడారికీ ప్రపంచం వదిలించుకున్న బట్టలు ఓడల్లో చేరుతున్నాయి. 2000 నాటికి ప్రపంచంలో ఏడాదికి 5.8 కోట్ల టన్నుల పీచు తయారయ్యేది. 2023కి 12.4 కోట్ల టన్నులయింది. అందులో సగానికి పైగా పాలిస్టరే. జనాభా రెట్టింపు కాలేదు, ఒళ్లు రెట్టింపు కాలేదు. మరి ఇంత బట్ట ఎవరు కడుతున్నారు?

పాతది ఎట్లా వదిలించుకోవాలో మన ఇళ్లకు తెలిసినంతగా ఈ ముచ్చటగాళ్లకు తెలియదు. నూలుచీర మెత్తబడ్డాక బొంత అయ్యేది. నాలుగు చీరలు పరిచి, చుట్టూ అంచులు మడిచి, దబ్బనంతో వరసగా కుట్లు వేసిన బొంత మీద రెండు కాన్పుల పిల్లలు పెరిగేవాళ్లు. బొంత కాగా మిగిలిన పీలికలు పసిబిడ్డకు, ఆ తర్వాత వంటింట్లో మసిగుడ్డ, చివరికి దీపానికి వత్తి. పాలిస్టర్ చీరకు ఇందులో ఏ గతీ లేదు. అది చెమట పీల్చదు, నీళ్లు పీల్చదు, బిడ్డ కింద వేస్తే ఒళ్లు ఒరుసుకుపోతుంది, పొయ్యి దగ్గర పట్టుకుంటే చేతికి అంటుకుంటుంది. మా ఊరి బయట ముళ్లకంపలకు చిక్కుకుని, రంగు వెలిసినా దారం చివకకుండా ఏళ్ల తరబడి ఊగుతున్న పీలికలు అవే. ఇంట్లో ఉన్న ఆ చీరలను ఏం చేయాలంటే, కట్టండి. అవి చిరిగేదాకా కట్టండి. వదిలించుకోవడం కన్నా అదే మేలు. తగ్గించుకోవడం కొనే చోట మొదలవ్వాలి.

ఇదంతా డబ్బు, లెక్క, చట్టం. అసలు తృప్తి సంగతి ఏమిటి? అది కూడా ఊరికే వచ్చేది కాదు, బట్టను ఎరిగి ఉండడం వల్ల వస్తుంది. పై అరలో ఉన్న ఆ పట్టుచీరనే చూడండి. 'ఫంక్షన్ ఉంటే కడదాం' అని ఏళ్ల తరబడి అదే మడతలో ఉంచుతాం. జరీ ఉన్న పట్టు ఒకే మడతలో పడి ఉంటే ఆ గీత వెంటే నలిగి, ఒకరోజు విప్పగానే గీత పొడవునా చిట్లుతుంది. కట్టి పాడైన పట్టుచీరల కన్నా కట్టక పాడైనవే ఎక్కువ చూశాను. దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి నూలుగుడ్డలో చుట్టాలి, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరేయాలి, మడతలు మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, కట్టాలి. పేరంటానికి కట్టాలి, గుడికి కట్టాలి, ఏ కారణమూ లేకపోయినా ఒక శుక్రవారం కట్టాలి. ఇరవై నాలుగు చీరలున్న మనిషికి ఇది సాధ్యం కాదు. వాటి వంతు రావడమే కష్టం. ఆరేడు ఉన్న మనిషికి ప్రతి చీర ఎట్లా జారుతుందో, ఎక్కడ బరువుందో, ఏ రవికతో బాగుంటుందో చేతికే తెలుసు. పొద్దున బీరువా ముందు నిలబడి "కట్టుకోవడానికి ఒక్కటీ లేదు" అనే మాట నిండిన బీరువాల ముందే వినిపిస్తుంది. ఉన్నవి తక్కువై, ఉన్నవన్నీ నచ్చినవైతే ఆ మాట పుట్టదు.

ఇది ఆడవాళ్ల బీరువా గురించే అని మగవాళ్లు పక్కకు తప్పుకోవద్దు. తలుపు వెనక కొక్కేలకు వేలాడే జీన్సు, బొమ్మలేసిన టీషర్టులు, పెళ్లికొక కొత్త షర్టు చూస్తున్నాం. మా వైపు కురుబలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన కంబళి ఒకటి ఉంటే ఆ మనిషికి చలికీ వానకూ పడకకూ అదే, ఎన్ని ఏళ్లైనా అదే. మగ్గం పంచె రెండు జతలున్న పెద్దమనిషికి ఏ పెళ్లిలోనూ తక్కువ కాలేదు.

ఈ కరువు నేల మీద ఒక పట్టుచీర అంటే ఏమిటో కూడా గుర్తుండాలి. కిలో పట్టుదారం తీయడానికి ఏడెనిమిది కిలోల గూళ్లు కావాలి. ఆ గూళ్ల వెనక మల్బరీ తోట, ఆ తోట వెనక బోరు. ఎంత లోతు పోయినా నీళ్లు పడతాయో లేదో తెలియని బోరు. రైతు ఆ గూళ్లు మూటకట్టుకుని హిందూపురం మార్కెట్టుకు పోతాడు. ఆ తర్వాత దారం తీసేవాళ్లు, పురి పెట్టేవాళ్లు, రంగు అద్దేవాళ్లు, పడుగు తోడేవాళ్లు. వేల పోగులను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా, వేలిముద్ర అరిగేలా అతికేవాళ్లు. వీళ్లందరూ అయ్యాక నేసేవాడు. ఇంతమంది చేతుల మీదుగా వచ్చినదాన్ని నాలుగుసార్లు కట్టి పాతదైపోయిందని పక్కన పెడితే అది ఆ నీళ్లను పారబోయడమే. ముప్పై ఏళ్లు కట్టి కూతురి చేతికి ఇస్తే ఆ బోరు నీళ్లకు న్యాయం జరిగినట్టు.

కాబట్టి నేతన్న పేరు చెప్పి ఎక్కువ కొనమనేవాళ్లకు, వేదికల మీదివాళ్లకైనా షాపుల్లోవాళ్లకైనా, నేను అడిగేవి ఇవి. పెళ్లికి నూరు పెట్టుబడి చీరలు, ఒక్కోటి 250 అనుకున్నా 25,000 రూపాయలు ఎవరూ కట్టని గుడ్డ మీద పోస్తున్నారు. ఆ పద్ధతి ఆపమని మీ ఇంటి పెళ్లి నుంచే మొదలుపెట్టండి. ఏదో ఒకటి పెట్టక తప్పదనుకుంటే మగ్గం తువ్వాలు పెట్టండి. దాన్ని మరుసటి రోజే వాడతారు. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. సిల్క్ మార్క్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది, చేత్తో నేసిందని చెప్పదు. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకూ అది దొరుకుతుంది. ఈ తేడా కొనేవాళ్లకు చెప్పకుండా అమ్మే షాపులను అధికారులు ఆగస్టు 7న కాకుండా మిగతా రోజుల్లో తనిఖీ చేయాలి. కొనేవాళ్లు రెండేళ్లకో, మూడేళ్లకో ఒక్కసారి కొనండి. కొనే రోజు మాత్రం గట్టిగా అడగండి: ఇది చేమగ్గమా, మరమగ్గమా? ఏ ఊరిది? చెప్పినదే బిల్లు మీద రాసివ్వమనండి. రాయడానికి వెనకాడే కౌంటరు దగ్గర డబ్బు తీయకండి.